నిమ్మగడ్డి చత్రు ఓటు

చత్రు ఎక్కితే బస్సులో అందరికీ తెలిసిపోతుంది. నర్మెట్టలో ఎక్కినా జనగామ బస్టాండులో ఎక్కినా, మెట్టు మీద కాలు పడకముందే అతని వాసన లోపలికి వచ్చి సీటు చూసుకుంటుంది. అప్పుడే కోసిన నిమ్మకాయను కొత్త సబ్బుకు రుద్దినట్టుండే వాసన అది. పక్క సీట్లో ముసలమ్మలు "గీ పిలగాడు ఎంత మంచిగ తానం చేసిండో" అనుకుంటారు. నలభై రెండేళ్ల వాణ్ణి పిలగాడు అనడం సరే, తానం చేయకుండా బయల్దేరిన రోజునే ఆ మాట ఎక్కువగా వినబడుతుందని అతనే నాకు చెప్పాడు.

అతను నిమ్మగడ్డి నూనె తీసే బట్టిలో పనిచేస్తాడు. బట్టి అంటే సారా గుర్తుకొస్తుంది గానీ, ఇది ఆ బట్టి కాదు. పద్ధతి మాత్రం ఇంచుమించు అదే. నర్మెట్ట నుంచి తరిగొప్పుల పోయే తోవలో పురుషోత్తం అనే రైతు కోతుల బాధ పడలేక ఆరెకరాల్లో నిమ్మగడ్డి పెట్టాడు. దాన్ని కోతి ముట్టదు, పంది ముట్టదు. కోసిన గడ్డిని ఒక పూట వాడబెట్టి, మనిషిన్నర లోతుండే ఇనుప ట్యాంకులో తొక్కి నింపి, మూత బిగించి కింద మంట పెడతారు. ఆవిరి గొట్టంలో పోయి చల్లబడి బొట్లు బొట్లుగా కారుతుంది. నీళ్ల మీద నూనె తేలుతుంది. దాన్ని తేర్చి డబ్బాలకెత్తడం చత్రు పని. పన్నెండేళ్లు భివండీలోనూ హైదరాబాదులోనూ సెంట్రింగు చెక్కలు మోసి తండాకు తిరిగొచ్చినవాడికి, నీడపట్టున కూర్చుని బొట్లు చూడటం మహారాజు పనిలా అనిపించింది. ఎనిమిదేళ్లుగా చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడు ఆ వాసన ఊరందరికీ తెలుస్తుంది, అతనికి తప్ప.

నాకు అతను పరిచయమైంది ఆ నూనె వల్లనే. నేను జనగామలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. నూనె మంచిదో కాదో చూసిపెట్టమని పురుషోత్తం ఒకసారి సీసా పట్టుకొచ్చాడు, వెనకాల చత్రు. వినేవాళ్లు దొరికితే వదిలే అలవాటు నాకు లేదు. మొక్కలు తమ కోసం తయారుచేసుకునే సువాసనల కుటుంబం ఒకటుందనీ, టెర్పీన్లంటారనీ, కర్పూరం వాసన, జామాయిల్ ఆకు వాసన, నారింజ తొక్క వాసన అన్నీ ఆ ఇంటివేననీ చెప్పాను. ఈ నూనెలో ముప్పాతిక వంతు సిట్రాల్ అనే ఒక్కటే ఉంటుందన్నాను.

"మనిషికి మంచిదేనా సార్?" అన్నాడు చత్రు.

"సబ్బుల్లో వేస్తారు, నేల తుడిచే మందుల్లో వేస్తారు, ఆకు వేసుకుని చాయ్ తాగుతారు. తలనొప్పి తగ్గుతుందంటారు, నిద్ర పడుతుందంటారు. ఎలుకల మీద చూశారు, మనుషుల సంగతి ఇంకా గట్టిగా తేలలేదు. ఉత్త నూనె ఒంటికి పూస్తే మంట పుడుతుంది, దద్దుర్లొస్తాయి. కొబ్బరినూనెలో నాలుగు చుక్కలు కలుపుకో."

అక్కడితో ఆపితే నా మర్యాద దక్కేది. "పూసుకున్నావంటే దోమే కాదు, పురుగూ పుట్రా ఏదీ నీ దగ్గరికి రాదు" అన్నాను. దోమ మాట చదివింది. మిగతాది ఊపులో వచ్చింది. పిల్లలు తలలూపుతుంటే చెప్పుకుపోయేవాడికి ఈ జబ్బు ఉంటుంది. చత్రు మాత్రం దాన్ని మంత్రంలా పట్టుకున్నాడు. వానాకాలం జ్వరాలప్పుడు తండా పిల్లలు సాయంత్రమైతే అతని మంచం చుట్టూ చేరేవారట.

ఇక డిసెంబరులో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. చత్రు వాళ్ల తండా, బట్టి ఉన్న ఊరికి నాలుగో వార్డు. ఈసారి రిజర్వేషన్‌లో ఎస్టీ ఆడవాళ్లకు వచ్చింది. నూట యాభై ఓట్లు కూడా లేని వార్డుకు ఇద్దరు నిలబడ్డారు. ఒకరు చత్రు భార్య జమున. పుట్టిల్లు మహబూబాబాద్ అవతల, మిర్చి కల్లాల మధ్య పెరిగిన మనిషి, మాటలో ఆ ఘాటు పోలేదు. తండా బోరు మోటారు కాలిపోయి మూడు నెలలైనా అడిగే దిక్కులేదని నామినేషన్ వేసింది. రెండో ఆమె కాళి, చత్రుకు సొంత వదినె, అన్న హరిలాల్ భార్య. హరిలాల్ భూపాలపల్లిలో బొగ్గు లారీల దగ్గర పనిచేస్తాడు. తల్లి పోయినప్పుడు చత్రుకు తొమ్మిదేళ్లు. అప్పట్నుంచి అతనికి అన్నం పెట్టి పెంచింది కాళి.

దాంతో నూట యాభై ఓట్లూ ఒక ఎత్తు, చత్రు ఓటు ఒక ఎత్తు అయింది. చాయ్ హోటల్ దగ్గర కూడా అదే మాట. "పెండ్లానికా, వదినెకా?" అని అడిగేవారు. చత్రు నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వే జమునకు పడలేదు.

పోలింగ్ ముందురోజు ఆమె తేల్చి చెప్పింది. ఇంట్లో వాళ్లు లంబాడీ మాట్లాడుకుంటారు. నలుగురూ వినాల్సిన తిట్టయితే మాత్రం తెలుగులో వస్తుంది. ఇది తెలుగులో వచ్చింది. "పొద్దుగాల ఏడింటికి లైన్ల ముందుగాల నువ్వే నిలబడాలె. తండ మొత్తం సూడాలె. నువ్వు రాకపోతే వదినె మొకం సూసి దాసుకున్నవనుకుంట. ఇగ నాకూ నీకూ మాట లేదు."

"ఎందుకు రాను? ఎవలకెయ్యాల్నో నాకెరుక లేదా?"

"నాకెరుక కావాలె."

పోలింగ్ నాడు చత్రు చీకటితోనే లేచాడు. కానీ పోయింది పోలింగ్ పెట్టిన బడికి కాదు, బట్టికి. ముందురోజు అందులో ఎవరిదో జామాయిల్ ఆకు వండారు. ఆ ఘాటు ట్యాంకు గోడలకు పడితే తర్వాత తీసే నిమ్మగడ్డి నూనెకు అంటుకుంటుంది, కొనేవాడు మూతి తిప్పుతాడు. అందుకని ప్రతిసారీ చల్లారాక లోపలికి దిగి చేత్తో తోమాలి. పురుషోత్తం మంచివాడే, "ఓటేసొచ్చి కడుగు" అనే చెప్పాడు. చత్రు లెక్క వేరు. ముందు పని అయితే తానం చేసి, తెల్ల అంగీ వేసుకుని, ఓటేసి, సాయంత్రం దాకా పెండ్లాం వెంటే ఉండొచ్చు. గంట పని. ఏడున్నరకైనా లైనులో ఉంటాడు.

ఫోను బయట మోటారు డబ్బా దగ్గర చార్జింగ్ పెట్టాడు. చేతులకూ మెడకూ కొబ్బరినూనెలో కలిపిన నూనె పూసుకున్నాడు. పూసుకున్న చేతులు అంగీకీ ప్యాంటుకీ తుడుచుకున్నాడు. ఇనుప నిచ్చెన అంచుకు తగిలించి దిగాడు. తోముతుండగా పైన అంచు మీద మూడు తేనెటీగలు కనిపించాయి. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో తేనెపట్టు పెట్టే చిన్న రకం. అంచు చుట్టూ, సర్వేకు వచ్చినవాళ్లలా అడుగులేసుకుంటూ నడుస్తున్నాయి. చత్రు నవ్వుకుని, సీసాలోని ఉత్త నూనెలో గుడ్డ తడిపి, నిచ్చెన తగిలించిన చోటే అంచు మీదికి విసిరాడు. నిమిషంలో మూడూ ఎగిరిపోయాయి.

"సార్ సార్ లెక్కనే చెప్పిండు" అని అక్కడ్నుంచే నాకు దండం పెట్టాడట.

అరగంటకు ఆ మూడూ చుట్టాలందరినీ తీసుకుని వచ్చాయి.

మొదట మోటారు తిరిగినట్టు చప్పుడు. తర్వాత పైన కనిపించే గుండ్రటి ఆకాశం మీద ఎవరో నల్ల నువ్వులు చల్లినట్టయింది. నాలుగైదు వేలుంటాయి. వచ్చి ఆ గుడ్డ మీద వాలాయి, దాని మీదుగా నిచ్చెన పై మెట్లు కప్పేశాయి. కొన్ని లోపలికి దిగి మూలమూలా చూసుకున్నాయి. కొన్ని చత్రునూ చూశాయి. కాలరులో దూరినదాన్ని అతను కొడితే, దాని పక్కది చెవి మీద కుట్టింది. ఆ తర్వాత కొట్టలేదు. ఇంకా నూనె చల్లితే పోతాయేమోనని సీసాలో మిగిలింది తన చుట్టూ చల్లుకున్నాడు. ఇంకో వంద వచ్చి అంగీ మీద కూర్చున్నాయి.

కదలకుండా ట్యాంకు అడుగున కూర్చున్నాడు. బయట ఫోను మోగింది. జమున కోసం పెట్టుకున్న పాట అది. పూర్తిగా మోగి ఆగింది. మళ్లీ మోగింది. అరిస్తే గొంతు ట్యాంకులోనే గిర్రున తిరిగి తన చెవుల్లోనే పడుతోంది, ఈగలు జుమ్మని లేస్తున్నాయి. రోడ్డు మీద ఆటో పోయింది. తండా ఆడవాళ్లు మాట్లాడుకుంటూ పోయారు, తిరిగి వచ్చారు. ఒకామె "చత్రు కానొస్తలేడేందే?" అంది. ఇంకొకామె "యాడ కానొస్తడు!" అని నవ్వింది. గోడకు ఇవతల చత్రు నోరు తెరిచి, మూసుకున్నాడు. ఫోను పదకొండుసార్లు మోగింది. పన్నెండోసారి మోగలేదు. అది ఎక్కువ భయం వేసిందన్నాడు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. ఎన్నికల డ్యూటీలు వేస్తే నాకు ఆ ఊరే పడింది, పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా పోలింగ్. ఊరి బడిలో నాలుగో వార్డు గదిలో, ఓటరు పేరు జాబితాలో వెతికి కార్డు చూసే మొదటి బల్ల నాది. జమున గేటు అవతల, గీత గీసిన దూరంలో నిలబడి, లోపలికి పోయే ప్రతి మనిషినీ చూస్తూ ఉంది. నేను చత్రు పేరు దగ్గర టిక్కు లేకపోవడం చూస్తూ ఉన్నాను.

పదకొండింటికి సాలమ్మ వచ్చింది. బట్టిలో గడ్డి కోసే ముసలామె. పొద్దున్నే ఓటేసి ఇంటికి పోతూ, కొడవలి మరిచానని బట్టి దగ్గరికి పోతే ట్యాంకు మూలిగిందట. మళ్లీ బడికొచ్చి గేటు దగ్గరే చెప్పింది.

"జమునా, నీ మొగడు ట్యాంకుల ఉన్నడే! మూతికాడ నూనె గుడ్డకు తేనీగలు పట్టినయ్, బయటికి రావస్తలేదు."

జమున బట్టి ఉన్న వైపు ఒకసారి చూసింది. తర్వాత గేటు లోపల వాళ్లకు కూడా వినబడేలా అంది. "సల్లగ కూసున్నడు. బయట ఉంటే పెండ్లానికా వదినెకా అని అడుగుతరు గద. తేనీగలనట కావలి పెట్టుకున్నడు."

"నా మరిది గసొంటోడు కాదు" అంది అవతల నిలబడిన కాళి.

"జర పోయి సూసొస్త" అని, ఓటేయడానికి ఊరికొచ్చిన హరిలాల్ కదిలాడు.

"ఒంటిగంట దాటినంక పో" అంది కాళి, చాలా మెత్తగా.

కిటికీలోంచి వింటున్న నేను చేతిలో పని ఆపాను. ఎందుకంటే అప్పుడు గుర్తొచ్చింది. తేనెటీగలు ఒకదాన్నొకటి పిలుచుకోవడానికి విడిచే వాసనలో ఉండేది ఈ సిట్రాలే. 'ఇల్లు దొరికింది, అందరూ ఇటు రండి' అనే మాట అది. ఖాళీ ట్యాంకు ఒక పెద్ద తొర్ర, దాని అంచున ఆ పిలుపు తడిపిన గుడ్డ. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాదు కదా అని దాటేశాను.

నీళ్ల నెపంతో వరండాలోకి వచ్చి, కుళాయి దగ్గర సాలమ్మను పట్టుకున్నాను. "అవ్వా, కొట్టొద్దని చెప్పు. నూనె అంటిన బట్టలన్నీ విప్పి నిచ్చెనకు ఎదురు అంచు మీదికి విసరమను. ఆ గుడ్డను కూడా కర్రతో అటు జరుపు. ఈగలు అటే పోతాయి. అప్పుడు మెల్లగా ఎక్కి రమ్మను." ఈసారి ప్రతి మాటా నిజమే చెప్పాను.

సాలమ్మ ట్యాంకు దగ్గర కేక వేసింది. "చత్రూ! నూనె అంటిన బట్టలన్ని ఇడిసెయ్యమన్నడు సారు!"

"ఏ సారు?"

"గదే, సీసాల సారు."

"సార్ చెప్పిండా? అయితె ఇడుస్త. నువ్వు జర అటు తిరుగు అవ్వా."

"ఇనుప కుండల ఉన్నోనివి నాకేం కానొస్తవురా, ఇడువు!"

అంగీ, ప్యాంటు పైకి వచ్చిపడ్డాయి. సాలమ్మ గడ్డి తిరగేసే పంగల కర్రతో గుడ్డను వాటి మీదికి నెట్టింది. ఈగలకు తొందరేమీ లేదు. ఇల్లు మారేవాళ్లలా కొంచెం కొంచెంగా జరిగాయి. చత్రు చెడ్డీతో బయటపడేసరికి పన్నెండున్నర. గడ్డికి వాడే గోనెసంచి నడుముకు చుట్టుకుని పరుగెత్తాడు.

అతను బడిలోకి వచ్చినప్పుడు లైనులో ఎవరూ లేరు, అయినా నవ్వడానికి సరిపడా జనం ఉన్నారు. ఒక చెవి గారెలా ఉబ్బింది. నా బల్ల ముందు నిలబడి ఊపిరి తీసుకుంటూ నావైపు ఎంతో నమ్మకంగా చూశాడు.

"కార్డు?" అన్నాను.

చెయ్యి ఎడమ రొమ్ము మీదికి పోయింది. అక్కడ జేబు లేదు, ఒళ్లే ఉంది.

"అంగీల ఉన్నది సార్."

"అంగీ ఏదీ?"

"మీరే ఇడిసెయ్యమంటిరి గద సార్!"

మా ప్రిసైడింగ్ అధికారి మేడం కళ్లజోడు మీదుగా నన్ను చూసింది. ఆధార్ అయినా, ఉపాధి హామీ కార్డు అయినా, ఏదో ఒకటి ఫోటో ఉన్నది కావాలంది. ఉపాధి కార్డు ఇంట్లో ఉంది. ఇంటికి జమున నొక్కి వేసిన తాళం. ఉన్న ఒక్క తాళంచెవి అంగీ జేబులో. ఊళ్లో అతను తెలియనివాడు లేడు. నాకు ఇంకా బాగా తెలుసు. కానీ తెలుసు అనేది జాబితాలో ఉన్న కార్డు కాదు. నేను కాగితం వైపు చూశాను.

గేటు బయట జమున అతని చెయ్యి పట్టుకుంది. "ఏలు సూపెట్టు."

సిరా గుర్తు లేదు.

"కార్డు తెస్త. ఇప్పుడే తెస్త."

"బట్టలే లేకుంట వచ్చినోనికి కార్డెక్కడిది?" అంది. చెయ్యి మాత్రం వెంటనే వదల్లేదు. అతని ఉబ్బిన చెవిని చూసింది, ఏదో అడగబోయి మానేసింది.

అతను మళ్లీ బట్టి దగ్గరికి పోయేసరికి అంగీ అంగీలా లేదు. పనసకాయంత గుత్తి కట్టాయి ఈగలు దాని మీద. జేబు ఎటుందో తెలియడం లేదు. చెయ్యి చాచి, చూసి, వెనక్కి తీసుకున్నాడు. ఉడికిన గడ్డి కుప్పకు నిప్పంటించి పొగ పెట్టారు. తడిగడ్డి వెంటనే అంటుకోదు. సాలమ్మ ఊదింది, అతను ఊదాడు. పొగ చుట్టుకుని గుత్తి మెల్లగా విడిపోయి లేచింది. జేబులోంచి కార్డూ తాళంచెవీ ఊడబెరికి పరుగెత్తాడు.

నా గడియారంలో ఒంటిగంటా నాలుగు నిమిషాలు. గేటు మూసేశారు. చువ్వల అవతల చత్రు కార్డు ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు, కదిలిపోయిన బస్సుకు టికెట్టు చూపిస్తున్నట్టు. నేను కిటికీలోంచి చూస్తున్నానని అతనికి తెలుసు.

రెండింటికి లెక్క మొదలైంది. జమునా, కాళీ బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. గోనెసంచితోనే చత్రు వరండాలో కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. తెల్ల బ్యాలెట్లు ఒక్కొక్కటే విప్పుతున్నారు. ముప్పై రెండు, ముప్పై మూడు. యాభై, యాభై. పెదవులు కదులుతున్నాయి. జమున గెలవాలని మొక్కుతున్నాడనుకున్నాను. తర్వాత చెప్పాడు, గెలవాలని మొక్కే ధైర్యం కూడా లేకపోయిందట. ఒక్కటంటే ఒక్క ఓటుతో మాత్రం ఓడొద్దని మొక్కాడట. ఆ ఒక్కటీ తనదవుతుంది. బతికినన్నాళ్లూ ఆ ట్యాంకులోనే ఉండిపోవాల్సి వస్తుంది.

కాళికి డెబ్బై రెండు, జమునకు అరవై నాలుగు అని మేడం చదివింది.

"ఎనిమిదా!" అన్నాడు చత్రు కిటికీలోంచి. "ఎనిమిదా మేడం? పక్కానా?" ఆ మొహం నిండా వచ్చిన నవ్వును ఆపుకోవడం అతనివల్ల కాలేదు. "హమ్మయ్య! పానం లేసొచ్చింది!"

గది అంతా అతనివైపు తిరిగింది. జమున కూడా.

కాళి బయటికొచ్చి మరిది గడ్డం పట్టుకుంది. "సిన్నప్పటిసంది సాదిన నిన్ను. నాకు ఓటెయ్యలేవని నాకెరుకే. నాకు ఎదురు గూడ ఎయ్యకుంట ట్యాంకుల దాసుకున్నవ్ సూడు, గది సాలు నాకు."

"దాసుకోలే వదినె! దేవుని తోడు, ఇరుక్కున్న!"

"ఊకో, నాకెరుకే" అని కళ్లు తుడుచుకుంటూ పోయింది. ఆమె వెనకాలే హరిలాల్, తమ్ముడి వీపు తట్టి పోయాడు. అవి అన్నింటికంటే గట్టి దెబ్బలు.

మిగిలింది జమున. నేను కాగితాలు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను.

"నేను ఓడిపోతె పండుగ చేసుకుంటున్నవ్?"

"ఒక్క ఓటుతోని పోతె నన్ను సంపుతవని..."

"చేతిల ఓటుంటె ఎవలకు ఏసెటోనివి?"

"నీకే. ఒట్టు, నీకే."

"గాడ పొద్దుగాలసంది నిలబడి ఇంకో పదిమందిని అడిగిన. అందరు గదే ఒట్టు పెట్టిండ్రు."

చత్రు సంచి జారకుండా పట్టుకుని నిలబడ్డాడు. ఆమె అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. పొగమసి, ఎండిన నూనె, గారె చెవి. వరండా గట్టు మీద కూర్చోబెట్టి, తల పక్కకు వంచి, గోళ్లతో ముల్లు వెతికింది.

"ఇంత వాపు వట్టిగ రాదు" అంది, తనలో తాను అనుకున్నట్టు. తర్వాత పైకి అంది. "ఐదేండ్లకు మల్ల నిలబడ్త. గప్పుడు యాడుంటవ్?"

"నీ పక్కపొంటే."

"కదలకు."

ముల్లు దొరికింది. కావాల్సినదానికంటే కొంచెం గట్టిగానే లాగింది. చత్రు కుయ్యిమనలేదు, కదల్లేదు.